రబ్బరు వాసన వేసిన ద్రాక్షరసం

మొన్న ఆదివారం మా మెట్లమీద కాలిన రబ్బరు వాసన. పై ఫ్లాటులో ఉండే కావ్య ఇంట్లోనే బీరు కాస్తుంది. ఆఫీసు లేని రోజుల్లో అదే ఆమె సరదా. ఆమె స్టీలు కుండకు అడుగు పక్కగా నేనే బెజ్జం వేసి, లోపలొకటి బయటొకటి వాషర్లు పెట్టి, కుళాయిలా తిప్పే బాల్ వాల్వు బిగించాను. నేను తాగను. తాగనంత మాత్రాన కారే కుళాయిని చూస్తూ ఊరుకోలేను.

"అంకుల్, లీకేజ్ నహీఁ హై, కానీ ఈ స్మెల్ ఏంటి?" అంది. ఇక్కడే ఢిల్లీ సాకేత్‌లో పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం కలగాపులగం. చూస్తే వాల్వుకి మొక్కలకు నీళ్ళు పట్టే రబ్బరు గొట్టం తగిలించింది.

"మరిగేది దీంట్లోంచి పోతే వాసన దిగుతుందమ్మా. వేడికి ఆగే సిలికాన్ గొట్టం తెచ్చుకో."

"అచ్ఛా? మీకెలా తెలుసు?"

"ఒక చర్చి మొత్తం తాగి తెలుసుకుంది" అన్నాను. ఆమె నవ్వింది. నాకు సువార్తమ్మ సిస్టర్ గుర్తొచ్చింది.

ఆమెది బాపట్ల వైపు. ఢిల్లీలో ఒక ఆస్పత్రిలో నర్సు, ఆపరేషను సామాను ఉడికించి శుభ్రం చేసే గదికి ఇన్‌చార్జి. అప్పట్లో నేను ఆ గదిలో టెంపరరీ హెల్పర్ని. ఏడో తరగతితో బడి మానేశాను. తరవాతి చదువంతా మిషన్లతో వచ్చే పుస్తకాలను డిక్షనరీ పెట్టుకుని చదివిందే. సర్టిఫికెట్టు లేని చదువును ఈ ఊళ్ళో చదువనరు. ఆ మంట నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. సిస్టర్ మాత్రం నా సర్టిఫికెట్టు అడగలేదు. మొదటి రోజే ఒక థర్మామీటరు చేతికిచ్చి, "ప్రకాశం, దీన్ని ముందు ఐసు నీళ్ళలో పెట్టు, తరవాత మరిగే నీళ్ళలో పెట్టు. రెండు చోట్లా నిజం చెబితేనే గోడకు తగిలించు" అంది. మీటరు చెప్పిందల్లా నమ్మకూడదని, దానికీ పరీక్ష పెట్టాలని నాకప్పటిదాకా తెలియదు.

మా తెలుగు చర్చి సరోజినీ నగర్ దగ్గర ఒక అద్దె హాల్లో జరిగేది. వచ్చేవాళ్ళలో సగంమంది నర్సులే. ఆరాధనలో అందరూ చిన్న గ్లాసుల్లో తీసుకునే ప్రభుభోజనానికి ద్రాక్షరసం హాలు వెనక ఆడవాళ్ళే కాచేవారు. తగినంత కాగకపోతే పులిసి మద్యమవుతుంది, మరీ మరిగితే రుచి పోతుంది. పైగా ఆ వేడి రసాన్ని గరిటెలతో సీసాల్లో పోస్తూ చేతులు కాల్చుకునేవారు. "ఆ కుండకొక కుళాయి, ఒక థర్మామీటరు పెట్టవయ్యా" అంది సిస్టర్. రసం తగ్గినా మునిగే ఉండేలా థర్మామీటరును కిందగా అమర్చాను. వాల్వు బిగించి చన్నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు. మిగిలింది రసాన్ని సీసాల్లోకి దింపే గొట్టం.

"కొత్తది కొందామా సిస్టర్?"

"ఎందుకు దండగ? ఇదుగో, ఆస్పత్రిలో పక్కన పెట్టేసిన ఎర్ర రబ్బరు గొట్టం. ఇన్నాళ్ళూ రోజూ స్టెరిలైజర్లో ఉడికింది. ఇంతకంటే శుభ్రమైంది ఢిల్లీ మొత్తంలో ఉందా?"

శుభ్రమైనదే. కాకపోతే రుచి సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆదివారం ఆ చిన్న గ్లాసులు ఎత్తిన ప్రతి ముఖమూ ముడుచుకుపోయింది. ఆరాధన అయ్యాక టీల దగ్గర ఒకావిడ, "ఏంటొదినా, ద్రాక్షరసమా, వేడినీళ్ళ సంచిలో నీళ్ళా?" అంది. "ఎనిమా గొట్టంతో పట్టారేమోలే" అంది ఇంకొకావిడ. అందరూ ఘొల్లుమన్నారు.

నవ్వనివాడు జయరాజుగారొక్కడే. చర్చిలో పెద్ద, ఆస్పత్రిలో మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. నన్ను పర్మనెంటు చేసే కాగితం ఆయన సంతకం కోసమే ఆగి ఉంది. "చదువులేనివాడితో పని చేయిస్తే ఇలాగే ఏడుస్తుంది. రేపట్నించి ఆస్పత్రిలో కూడా వీడి చేతికి వాల్వు ఇచ్చేది లేదు" అన్నాడు, హాలంతా వినేలా. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను.

సిస్టర్ టీ కప్పు కింద పెట్టింది.

"అయ్యగారూ, ఆ గొట్టం ఇచ్చింది నేను. కొత్తది కొందామని ప్రకాశం అడిగాడు. అక్కర్లేదన్నదీ నేనే. అతను బిగించిన వాల్వు అదుగో, చుక్క కారుతోందేమో చూడండి."

"సరే సిస్టర్, తరవాత మాట్లాడదాం, కూర్చోండి."

"తరవాత వీళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోతారండీ. ఇప్పుడే వినండి."

నిలబడే మొత్తం చెప్పింది. ఆ మరుసటి నెలనుంచి రసం కాచే పని ఆమె చేతిలోంచి తీసేశారు. "రబ్బరు సిస్టర్" అన్న పేరు ఆమె రిటైరయ్యేదాకా పోలేదు. జయరాజుగారు మూతి ముడుచుకునే నా కాగితంమీద సంతకం పెట్టాడు.

నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువైంది. "ఆయనతో గదిలో చెబితే సరిపోయేదిగా. అంతమందిలో మీ పరువెందుకు తీసుకున్నారు?" అని ఆమెమీదే ఎగిరాను.

"నీ పరువు గదిలో పోయిందా?" అంది, చేతిలో పని ఆపకుండా.

ఆ మాట నన్ను వదల్లేదు. పోయిన నెల మా ఫ్లాట్ల సొసైటీలో నీళ్ళ మోటారు కాలిపోతే, సెక్రటరీగారు పంపు నడిపే అతన్ని వాట్సాప్ గ్రూపులో నానా మాటలూ అన్నాడు. తీరా చూస్తే తప్పు ఆయన తెప్పించిన నాసిరకం స్టార్టరుది. అతన్ని తన గదికి పిలిచి భుజం తట్టి, "ఛలో, హోగయా" అన్నాడట, అయిందేదో అయిపోయిందని. నేను వెళ్ళి, తిట్టింది గ్రూపులో కాబట్టి క్షమాపణా గ్రూపులోనే రాయమన్నాను. గొడవ పెట్టుకుని, ఆయన గుమ్మంలో కూర్చుని రాయించాను. ఆ సాయంత్రమే నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఫరవాలేదు, పంపు నడిపే అతను ఆ క్షమాపణ చదువుకున్నాడు.