‘ఇల్లు’ నొక్కితే

కడపలో ఇంట్లోనే కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేస్తుంటాను. ఈ పనిలోకి కొత్తగా దిగిన రోజుల్లో మాధవరం నేతవాళ్ల చీరల కోసం ఒక సైట్ చేశాను. అందరికీ అర్థం కావాలని, పైన మొదటి పేజీకి తీసుకెళ్లే ‘హోమ్’ బటన్ మీద తెలుగులో ‘ఇల్లు’ అని పెట్టి తెగ మురిసిపోయాను.

చూపించడానికి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్తే మగ్గాలవాళ్లంతా చుట్టూ చేరారు. అందరిలో పెద్దది నాగమ్మవ్వ. మొదట ఆమె చేతనే నొక్కించాను. ఆమె ‘ఇల్లు’ నొక్కింది. అదే పేజీ వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

“ఇల్లు అని రాసినావు కదప్పా, మా ఇల్లు యాడ? ఎన్ని తూర్లు నొక్కినా ఈడనే ఉండాదే!”

అందరూ గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“రాప్పా, నేను సూపిస్తా” అంటూ అవ్వ నా చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల చల్లటి మసక చీకటి. మిద్దె కప్పులోని గవాక్షంలోంచి దిగిన వెలుగు మగ్గం మీది పచ్చని దారాలపై నీళ్లలా కదులుతోంది. అవ్వ నేస్తుంటే ఆ చప్పుడు వింటూ, వచ్చిన పని మరిచిపోయి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచేటప్పుడు ఒక్క ఫోటో తీసుకున్నాను.

ఇప్పుడు ఆ సైట్‌లో ‘ఇల్లు’ నొక్కితే అవ్వ మగ్గమే వస్తుంది. కొనేదేమీ లేకపోయినా, నేను నొక్కుతూనే ఉంటాను.