ఆవిడ అనని మాటలు

'అలాగే' మాస్టారంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆయన దర్జీ. కాలరు మార్చమన్నా, మార్చిన కాలరును మళ్లీ పాతలాగే కుట్టమన్నా నోట వచ్చే మాట ఒక్కటే: "అలాగే." ఇంట్లోనూ అంతే. భార్య చెప్పేది, ఆయన తలూపేవాడు. ఆవిడ పోయాక పెత్తనం కోడలి చేతికి వచ్చింది. తలూపడం మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

జబ్బు ముదిరి, ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశాక, ఒక ఉదయం ఆయన మంచం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ వైపు చూసి, "మీ అత్తయ్య వచ్చిందమ్మా" అన్నాడు.

కోడలి చేతిలోంచి గ్లాసు జారింది. ఇంజెక్షను ఇవ్వడానికి వచ్చిన నర్సు మాత్రం తొణక్కుండా, "చివర్లో ఇలా పోయినవాళ్లు కనబడటం మామూలేనండీ. కాదని వాదించకండి" అంది.

కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మ ఏమంటోంది నాన్నా?"

నిజానికి ఆవిడ ఏమీ అనలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది, అంతే. కానీ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి తన నోటివంక చూడటం మాస్టారికి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ రుచి తలకెక్కింది.

"టీవీ గోల తగ్గించమంటోంది."

తగ్గడమేమిటి, ఏకంగా ఆగిపోయింది. మర్నాటికి చప్పటి కాఫీలో చక్కెర పడింది. మాసిన దుప్పటి మారింది. ఫోనులో తప్ప దొరకని కూతురు పెట్టె సర్దుకుని దిగింది. దిగీ దిగగానే, "అమ్మకి నా మీద కోపమా నాన్నా?" అంది. తలుపు చాటున కోడలు చెవి ఒగ్గింది. "ఇద్దరూ బంగారాలే అంటోంది" అని మాస్టారు ఎలాగో గట్టెక్కాడు. పక్కింటి రిటైర్డ్ గుమస్తా కూడా వచ్చి, "అన్నయ్యగారూ, పోయిన మా తమ్ముడు అక్కడ నన్ను ఆడిపోసుకుంటున్నాడేమో, వదినగారిని కాస్త కనుక్కోమనండి" అని బతిమాలాడు.

అందరూ వెళ్లాక ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది.

"ఇవన్నీ నేనెప్పుడన్నానండీ?"

మాస్టారు గతుక్కుమన్నాడు. "నా మాట వీళ్లెవరు వింటారే?"

"ఎప్పుడైనా చెప్పి చూశారా? నాతో మాత్రం చెప్పారా?" ఆవిడ గొంతులో కోపం లేదు. "ఇప్పుడేం కావాలో అడగండి. మీ నోటితో."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఫలానాది కావాలనుకోవడం బొత్తిగా అలవాటు లేని మనిషి. చివరికి కొడుకును పిలిచి, "ఒరేయ్, ఆ కిటికీ తెరవరా. వీధి చూడాలనుంది" అన్నాడు.

"గాలి పడదని డాక్టరు చెప్పాడుగా నాన్నా. అమ్మ తెరవమంటోందా?"

"అమ్మ కాదురా. నేనే."

"అయితే వద్దులే. పడుకో."

మాస్టారు కుర్చీ వైపు చూశాడు. ఆవిడ తల పట్టుకుని, "సరే, నా పేరే చెప్పండి" అంది.

కిటికీ రెక్కలు రెండూ తెరుచుకున్నాయి. వీధిలో స్కూలు పిల్లలు పోతున్నారు. వాళ్ల చొక్కాల భుజాలు జారిపోయి ఉండటం చూసి, ఎవడు కుట్టాడో గానీ అని ఆయన హాయిగా విసుక్కున్నాడు. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. అలా వీధిని చూస్తూ చూస్తూనే సాయంత్రానికి పోయాడు.

పరామర్శకు వచ్చినవాళ్లందరికీ కొడుకు కళ్లొత్తుకుంటూ చెప్పాడు: "మా నాన్నకి తనకంటూ ఏ కోరికా లేదండీ. చివరిదాకా అన్నీ అమ్మ కోరికలే."