వైరు ముట్టని చాచా

మెదక్‌లో మా మేనత్త ఇంటికొచ్చే ఎలక్ట్రీషియన్ చాచా వస్తూనే వైరు ముట్టుకునేవాడు కాదు. ముందు ఇంట్లోవాళ్లు రోజంతా ఏం చేస్తారో అడిగేవాడు.

అత్త కోడిపిల్లలను వెచ్చగా ఉంచే బల్బుకు నేను స్మార్ట్ ప్లగ్ పెట్టాను. పొద్దు గూకగానే అది దానంతటదే వెలగాలి. రోజూ ఆ వేళకు ప్లగ్ ఆఫ్‌లైన్‌లో ఉండేది. అప్పటికే చలికి రెండు పిల్లలు చచ్చిపోయాయి. యాప్ తీసి మళ్లీ వేసినా అంతే.

"పొద్దుగాల లేసి ఏమేం చేస్తవ్ అక్కా?" అని చాచా మొదలుపెట్టాడు.

నాకు మండింది. "ప్లగ్ చూడు చాచా, ముచ్చట్లెందుకు?"

"జర ఆగు బేటా."

అత్త చెప్తూ పోయింది. "పొలం పోయేటప్పుడు గా లైట్లు కొట్టుకునే డబ్బా బంద్ చేస్త. ఉత్తగనే కరెంటు తింటది గద! చీకటైనంక వచ్చి ఏస్త."

ఆ డబ్బా ప్లగ్‌కు నెట్ ఇచ్చే వైఫై రౌటర్. నా ఫోన్ సిమ్ డేటాతో నడిచేది, అందుకే నాకు తెలియలేదు.

"అత్తా!" అని అరిచాను.

"నాకెవలు చెప్పిండ్రు? నువ్వు ఫోన్ల నుంచి తల ఎత్తితే గద!"

చాచా నవ్వి రౌటర్ స్విచ్ మీద టేపు అంటించాడు. "గిది బంద్ చేస్తే పిల్లలకు చలివెడ్తది అక్కా."

సాయంత్రం మళ్లీ వచ్చాడు. బల్బు వెలగగానే నేను ఫోన్ చూపించాను. "చూడు చాచా, ఆన్!"

ఆయన ఫోన్ చూడలేదు. వంగి, పిల్లలు బల్బు కిందికి చేరుతున్నాయా లేదా అని చూశాడు.