బాబాయి చేయించిన గాజుగోళం

మా బాబాయి అమెరికాలో, ప్లేనోలోని తన ఇంట్లో, దగ్గర ఎవరూ లేనప్పుడు, గుండె ఆగి పోయారు. పిన్ని అప్పటికి వేరే రాష్ట్రంలో, షాంటిలీలో వాళ్ళ చెల్లెలి దగ్గర ఉంటోంది. వాకిట్లో పేపర్లు అలాగే పడి ఉండటం చూసి పక్కింటి అమెరికన్ ఆవిడ పోలీసులకు ఫోన్ చేసిందట. కబురు నాకు చెప్పింది కూడా ఆవిడే.

ఇక్కడి తెలుగువాళ్ళు, మీలో చాలామందికి ఆయన తెలుసు. ఎమ్మెస్ చదవడానికి కొత్తగా దిగినప్పుడు ఎయిర్‌పోర్ట్ నుంచి తన వ్యాన్‌లో తీసుకొచ్చి, తనే వండిన పప్పుచారుతో అన్నం పెట్టింది ఆయనే. ఇంటి మీద బెంగతో కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ముందు తిను, తర్వాత ఏడుద్దువుగాని" అనేవారు. వడ్డించేటప్పుడు చాలన్న మాట ఆయనకు వినబడేది కాదు. ఈ దేశంలో నేను తిన్న మొదటి ముద్ద ఆయన పెట్టిందే.

ఆయన ఒక్కగానొక్క కూతురు కాలేజీ నుంచి ఇంటికి వస్తూ హైవే మీద కారు ప్రమాదంలో పోయింది. అస్థికలన్నీ రాజమండ్రి తీసుకెళ్ళి గోదావరిలో కలపాలంది పిన్ని. గుప్పెడు మాత్రం ఇవ్వనన్నారు బాబాయి. ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగిన పిల్ల, ఎప్పుడో సెలవుల్లో చూసిన నదిలో ఒంటరిగా ఎలా ఉంటుందని ఆయన బాధ. చితాభస్మం కలిపి గాజుతో జ్ఞాపికలు చేసే ఒక ఆర్టిస్ట్ గురించి ఆఫీస్‌లో ఎవరో చెప్పారు. ఆయన్ని నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను.

ఆ ఆర్టిస్ట్ నెమ్మదైన మనిషి. అమ్మాయికి ఏ రంగు ఇష్టమని అడిగింది. బాబాయికి తెలియలేదు. బయటికి వెళ్ళి పిన్నికి ఫోన్ చేశారు. సంగతి విని పిన్ని ఫోన్ పెట్టేసింది. చివరికి పసుపని నేనే చెప్పాను.

"పసుపా," అన్నారు, ఎవరో పరాయి పిల్ల గురించి విన్నట్టు.

కొలిమిలోంచి తీసిన గాజు ముద్దను ఇనప బల్ల మీద చల్లిన బూడిదలో దొర్లిస్తుంటే ఆయన ముఖం తిప్పుకున్నారు. "కాల్చినదాన్నే మళ్ళీ కాలుస్తున్నాం కదమ్మా," అన్నారు నాతో.

తయారయ్యాక చూస్తే అది నారింజపండంత గోళం. పసుపు గాజు లోపల తెల్లటి పొగలాంటి సుడి. డైనింగ్ టేబుల్ పక్క కిటికీలో పెట్టుకున్నారు. పొద్దున్నే కాఫీ తాగుతూ, "ఇవాళ గాలిగా ఉందమ్మలూ, స్వెట్టర్ వేసుకో," అని దానితో చెప్పేవారు.

ఆ తర్వాతే మీరు ఆయన ఇంటికి రావడం మానేశారు. అస్థికలున్న ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఒక ఆంటీ అంది. మిగిలినవాళ్ళు ఆ మాట చాటున తప్పుకున్నారు. అయినా ఎప్పటిలాగే ప్రతి శనివారం ఆయన ఇంటెడు మందికి వండేవారు. నేనొక్కదాన్నే తినేదాన్ని. "ట్రాఫిక్ ఎక్కువగా ఉందేమోలే," అంటూ మిగిలినవన్నీ ఫ్రిజ్‌లో సర్దేవారు.

పిన్ని మాట అంతకంటే పదును. "పిల్లని పోనివ్వలేదు మీరు. సీసాలో పెట్టి బిరడా బిగించారు," అని నా ముందే అంది. ఆయన తల దించుకుని వంటగదిలోకి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు ఆమె షాంటిలీ వెళ్ళిపోయింది.

తను పోయాక తన బూడిద చిటికెడు తీసి అలాంటిదే చేయించి, కిటికీలో అమ్మలు పక్కన పెట్టమని బాబాయి నన్ను అడిగారు. దహనానికి వచ్చిన పిన్నికి, అది అయ్యాక ఆ మాట చెప్పాను. ఆమె అప్పుడు ఎవరికో ఇచ్చెయ్యడానికి ఆయన చొక్కాలు మడతపెడుతోంది.

"చిటికెడు కూడా మిగల్చను," అంది. "నా కూతురికి ఆయన ఇవ్వని దారి ఆయనకి నేనిస్తున్నాను. అదే ఎక్కువ."

గోళాన్ని తువ్వాలులో చుట్టి సూట్‌కేసులో పెట్టుకుని, బాబాయి అస్థికలతో పాటు ఇండియా తీసుకెళ్ళింది. ఇద్దర్నీ ఒకేచోట గోదావరిలో కలిపేస్తే తన పని అయిపోతుందనుకుంది.

పడవలో తోడు వెళ్ళిన మా నాన్న తర్వాత ఫోన్‌లో చెప్పారు. పిన్ని ముందు గోళాన్ని వదిలిందట. అది వదిలినచోటే నిలువునా మునిగిపోయింది. తర్వాత నాన్న కుండ వంచితే, బాబాయి బూడిద నీటి మీద తెల్లగా పరుచుకుని ప్రవాహంతో పాటు దూరంగా సాగిపోయింది. పిన్ని ఆ బూడిద పోయినవైపూ, గోళం మునిగినచోటూ మార్చి మార్చి చూసిందట. కాసేపటికి పడవ అంచు మీదికి వంగి, పైట తడుస్తున్నా పట్టించుకోకుండా, చేతిని భుజం దాకా నీళ్ళలోకి దించి గోళం కోసం వెతకడం మొదలుపెట్టిందట.