చాందిని ఎత్తిన ఎడమ కాలు

ఆ రోజు నేను చేసిన తప్పు చిన్నది కాదు. గుర్రం కాలెత్తి గిట్ట కింద చూడకుండానే దాని భుజం మీద చేతులు వేశాను. చూద్దామని పక్కనున్న మనిషి చెప్పినా వినలేదు.

కరోనా తగ్గి పెళ్ళిళ్ళు మళ్ళీ జోరందుకున్న ఏడాది అది. హిందూపురం పశువుల ఆసుపత్రిలో చాలా ఏళ్ళు సహాయకుడిగా పనిచేసి, ఆ తర్వాత బెంగళూరులో గుర్రాల మాన్యువల్ థెరపీ నేర్చుకుని వచ్చాను. మందూ సూదీ లేకుండా, చేతులతోనే కండరాలనూ కీళ్ళనూ వదులు చేసే పని ఇది. డాక్టరుకు బదులుగా చేసేది కాదు, డాక్టరు చూశాక చేసేది. మా వైపు గుర్రాలవాళ్ళు నూనె రాసి రుద్దడమే తప్ప, దీన్ని పద్ధతిగా నేర్పినవాళ్ళు లేరు. ఒక స్వచ్ఛంద సంస్థ పెనుకొండలో రేకుల షెడ్డు తీసుకుని శిక్షణ మొదలుపెట్టి, నన్ను బోధకుడిగా పెట్టుకుంది. నన్ను అందరూ సార్ అని పిలవడం అదే మొదలు. అది నాకు బాగా తలకెక్కింది.

మూడో వారం ధర్మవరం నుంచి మస్తాన్ వలి తన గుర్రాన్ని వ్యానులో తెచ్చాడు. పేరు చాందిని, తెల్లది. పెళ్ళి ఊరేగింపుల్లో డప్పుకు తగ్గట్టు ముందుకాళ్ళు ఎత్తి ఆడే డాన్స్ గుర్రం. అతని ఇల్లు గడిచేది దాని మీదే.

"రెండు దినాల నుంచి చురుకు లేదు సార్. భుజం పట్టేసినట్టుండాది, చూడు," అన్నాడు.

నేను పాల్పేషన్ మొదలుపెట్టాను. అంటే వేడి, బిగువు, నొప్పి ఎక్కడున్నాయో వేళ్ళతో తడిమి కనిపెట్టడం. ఎడమ భుజం నిజంగానే బిగుసుకుని ఉంది. అంతలో గుర్రం ఎడమ ముందుకాలు ఎత్తి, కాసేపు ఉంచి, దించింది. మళ్ళీ ఎత్తింది.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో గుడిబండ శాంతమ్మ ఉంది. గొర్రెలకూ ఆవులకూ టీకాలు వేసి చేయి తిరిగిన మనిషి. "సార్, ఆ కాలే ఎత్తుతాండాది, రెండోది ఎత్తలేదు. గిట్ట చూద్దామా?" అంది.

"అది డాన్స్ గుర్రమమ్మా! నిన్ను చూసి డప్పు కొడతావేమో అనుకుంటాండాది," అన్నాను. అందరూ నవ్వారు. మస్తాన్ కూడా నవ్వాడు. శాంతమ్మ తల దించుకుని నోటుబుక్కులో ఏదో రాసుకుంది.

ముప్పావు గంట భుజాన్ని మర్దనా చేశాను. చాందిని తల వాల్చి పెదవులు కదిలించింది. "చూశారా, వదిలింది," అని గర్వంగా చెప్పాను. పోయేటప్పుడు మస్తాన్ అడిగాడు: "ఈ పొద్దు సాయంత్రం పెళ్ళి మెరవణి, ఊరేగింపు ఒప్పుకున్నా సార్. ఆడించొచ్చా?"

"నిక్షేపంగా ఆడించప్పా. ఆడితే ఇంకా వదులైతాది."

మరునాడు పొద్దున్నే ఫోను. "ఏం చేసినావు సార్ నా బిడ్డని? మూడు కాళ్ళ మీద నిలబడుండాది. కాలు నేలకి ఆనించలేదు. ఈడ అందరూ ఎముక ఇరిగిందంటాండారు!"

గుర్రం కాలి ఎముక విరిగితే అతకడం కష్టమని, చాలాసార్లు దాన్ని చంపేయాల్సి వస్తుందని మా ఇద్దరికీ తెలుసు. నేనుండే హిందూపురం నుంచి ధర్మవరం దాకా బండి మీద పోతూ నేను అనుకున్నది ఒక్కటే: అది బతకాలి. నా పేరు పోతే పోనీ.

నేను చేరేసరికి అక్కడి డాక్టరు వచ్చి ఉన్నారు. లాడం ఊడదీసి, హూఫ్ టెస్టర్‌తో గిట్టను చుట్టూ నొక్కుతూ వచ్చారు. అది పెద్ద పట్టకారులాంటి పనిముట్టు. ఒక చోట నొక్కగానే చాందిని కాలు విదిలించుకుంది. అక్కడ కత్తితో సన్నగా గీకితే నల్లటి చీము చిమ్మింది.

"ఆబ్సెస్. గిట్ట లోపల చీము పట్టింది," అన్నారు డాక్టరు. "ఎముకకేం కాలేదు. నొప్పిని తప్పించుకోవాలని బరువంతా అటూ ఇటూ మోపి భుజం బిగబట్టింది. నిన్న ఆడించకపోతే ఇంత ముదిరేది కాదు."

మధ్యాహ్నానికి చాందిని మెల్లగా ఆ కాలు ఆనించింది. గడ్డి పీకి నమిలింది. మస్తాన్ దాని మెడ మీద ముఖం పెట్టి నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి, "చీము పాతదంట సార్, నీ మర్దనాతో వచ్చింది కాదంట. పో, కడుక్కో చేతులు, టీ తాగుదాం," అన్నాడు.

అక్కడితో బయటపడి ఉండొచ్చు. కానీ టీ గ్లాసు పక్కన పెట్టాను.

"మస్తాన్, ఆడించమన్నది నేను. డాక్టరు చూడకముందే చేతులేసింది నేను. శాంతమ్మ చెప్తే ఎగతాళి చేసింది కూడా నేనే," అన్నాను.

"నాకెందుకు చెప్తావు సార్? నేనూ నవ్వినోణ్ణే కదా. ఆయమ్మకి చెప్పుపో," అన్నాడు.

గాయం మానేదాకా రోజూ ధర్మవరం పోయి, గిట్టను ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ముంచి, శుభ్రం చేసి కట్టు కట్టాను. డాక్టరు సరేనన్న రోజున చాందిని వీధిలో కుంటకుండా నడిచింది. పెనుకొండ షెడ్డులో అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పి, శాంతమ్మను క్షమాపణ అడిగాను. "ఆ పొద్దు నాకే అనుమానమొచ్చింది సార్, నేనే తప్పు చూసినానేమోనని," అంది. నేను చేసిన అసలు నష్టం ఏమిటో ఆ మాటతో అర్థమైంది. చూడగలిగిన మనిషిని తన కళ్ళనే నమ్మకుండా చేశాను.

సంస్థవాళ్ళకు అంతా రాసిచ్చి, శిక్షణను మార్చమన్నాను. ఇప్పుడు మొదటి వారం మర్దనా ఉండదు. గుర్రాన్ని నడిపించి చూడడం, నాలుగు గిట్టలూ ఎత్తి శుభ్రం చేయడం, డాక్టరు చీటీ చదవడం, అంతే. చివరి పరీక్షలో ఒక గుర్రం తప్పకుండా మా చేతి పనికి లొంగని జబ్బుతో ఉంటుంది. "ఇది నా పని కాదు, డాక్టరును పిలవండి" అని చెప్పగలిగినవాళ్ళకే సర్టిఫికెట్. ఆ పరీక్షకు మొదట కూర్చున్నది నేనే. మార్కులు వేసింది శాంతమ్మ.