గౌరి కాల్చిన పిఠా

మా చిన్నప్పుడు... బెల్లం పెనం దించగానే పిల్లలమంతా పొయ్యి చుట్టూ మూగేవాళ్ళం. బెల్లం కోసం కాదు... నిప్పుల్లో గౌరి కప్పెట్టిన అరటాకు పొట్లం కోసం.

చోడవరం నుంచి గోవాడ వెళ్ళే దారిలో మా తాతయ్యకి చెరకు గానుగ ఉండేది. ఏటా కోరాపుట్ అవతల నుంచి కూలీలు చెరకు నరకడానికి వచ్చి, సీజను అయిపోగానే వెళ్ళిపోయేవారు. గౌరి మాత్రం వెళ్ళలేదు. ఆమె భర్త ఇక్కడే జ్వరంతో పోయాడు. వెనక్కి వెళ్ళినా అక్కడ సెంటు భూమి లేదు. కూతురు జమునని మా బడిలో వేసి, గానుగ పాకలోనే ఉండిపోయింది. జమున నా పక్కనే కూర్చునేది.

రుబ్బిన బియ్యప్పిండిలో కొత్తబెల్లం, కొబ్బరికోరు, కాస్త అల్లం కలిపి, ఆకులో చుట్టి, ఆరుతున్న నిప్పుల్లో పెట్టేది గౌరి. పైన నల్లగా మాడి, లోపల మెత్తగా... "పొడొపిఠా" అనేది. మాకు నోరు తిరక్క "కాల్రొట్టె" అనేవాళ్ళం.

మా మామ్మ మొదట్లో "ఒరియావోళ్ళు ఏటేటి తింతారో, ముట్టుకోకండి" అని కసిరేది. తర్వాత ఓ ముక్క రుచి చూసింది. ఇంకొన్నాళ్ళకి గౌరిని దొడ్లో కూర్చోబెట్టి చేసే పద్ధతంతా నేర్చుకుంది. వంటింట్లోకి మాత్రం రానివ్వలేదు. దీపావళికి చుట్టాలకి పెట్టి, "మా ఇంటి వంటే" అంది.

ఆ ఏడే... పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని పుకారు లేచింది. ఓ మధ్యాహ్నం మా వీధిలో బుజ్జి అనే పిల్ల కనిపించలేదు. వెతుక్కుంటూ జనం గానుగ దగ్గరికి వచ్చారు. గౌరి మాకు పిఠా పంచుతోంది.

"ఇదేరా! మత్తుమందు కలిపి ఎడతంది పిల్లగుంటలకి!"

ఎవరో జుట్టు పట్టి ఈడ్చారు. అన్నాళ్ళూ మాతో తెలుగే మాట్లాడిన మనిషికి, ఆ భయంలో ఒక్క తెలుగు ముక్క రాలేదు. చేతులు జోడించి ఒరియాలో ఏదో చెబుతోంది...

"సూడండి, బాష మార్చేసింది! దొంగది కాకపోతే అదేటి?"

"మా అమ్మ ఏటీ సెయ్యలేదు బాబూ, మీ కాళ్ళు మొక్కుతాను" అని జమున అచ్చం మా యాసలోనే ఏడ్చింది. ఎవరూ వినలేదు. మత్తు లేకపోతే నువ్వే తినమంటూ నిప్పుల్లోంచి పొట్లం లాగి, పొగలు కక్కుతున్న ముద్దని గౌరి నోట్లో కుక్కారు. ఉమ్మబోతే నోరు అదిమి పట్టుకున్నారు.

మా అమ్మ నన్ను కదలనివ్వలేదు. మామ్మ అక్కడే నిలబడి ఉంది. జమున పరుగున వచ్చి ఆవిడ కొంగు పట్టుకుంది.

"మామ్మా, నువ్వు సెప్పు... నువ్వూ సేస్తావు గదా, అందులో ఏటుంటాదో సెప్పు!"

మామ్మ కొంగు విడిపించుకుంది.

సాయంత్రం బుజ్జి మేనత్తతో ఆటో దిగింది. ఇంట్లో చెప్పకుండా మాడుగుల తీసుకెళ్ళిందట. పిల్ల చేతిలో హల్వా పొట్లం. గుంపు మెల్లగా పల్చబడింది. "మన బయం మనది గదా" అన్నారెవరో. తప్పైపోయిందని ఒక్కరూ అనలేదు. తాతయ్య మాత్రం, "ఇక్కడుంటే మళ్ళీ గొడవలే... ఎల్లిపోండమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్ళు బస్సెక్కారు. గౌరి నోటికి తడిగుడ్డ అడ్డం పెట్టుకుంది. జమున నా వైపు చూడలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో కాల్రొట్టె లేకుండా పెళ్ళిభోజనం లేదు. స్వీటు షాపుల్లో అట్టపెట్టెల్లో పెట్టి, మన పాతకాలపు వంట అని అమ్ముతున్నారు. మామ్మ పోయినప్పుడు, "ఆ చేతి కాల్రొట్టె ఇంక ఎక్కడిది" అని చుట్టాలంతా ఏడ్చారు...

పోయినేడు విశాఖలో ఓ ఆసుపత్రిలో జమున కనిపించింది. నర్సు. తనే గుర్తుపట్టింది. అమ్మ ఎలా ఉందని అడిగాను.

"ఉందే. నోరు పూర్తిగా తెరుసుకోదు. ఏదైనా సల్లారబెట్టే ఎట్టాలి."

ఒకసారి మా ఊరు రమ్మన్నాను.

"ఎందుకే? మళ్ళీ తరమడానికా?" అని నవ్వి, వార్డులోకి వెళ్ళిపోయింది.

మా గానుగ లేదిప్పుడు... ఆ స్థలంలో ఇళ్ళు లేస్తున్నాయి. కట్టడానికి ఎక్కడెక్కడి నుంచో కొత్త మనుషులు వచ్చారు. అప్పట్లో పుకారు నోటి నుంచి నోటికి నడిచి వచ్చేది, ఇప్పుడు ఫోనులో క్షణంలో వచ్చేస్తోంది... మారింది అంతే.

మీ ఊరికీ ఎవరో వచ్చి, ఏదో ఇచ్చి, వెళ్ళిపోయే ఉంటారు కదా... వాళ్ళ పేరైనా గుర్తుంటే కింద రాయండి.