ఆగిపోయిన బొమ్మ

నిరుడు నేను కాలు విరిగి తాండూరులో మంచాన పడ్డప్పుడు, వికారాబాద్ ఆసుపత్రిలో చివరి దశలో ఉన్న మా అన్న నన్ను చూడాలన్నాడు. వీడియో కాల్ పెడితే, విండోస్‌కు బదులు లినక్స్ వేసుకున్న నా కంప్యూటర్‌లో వైఫై మెల్లగా వస్తూ బొమ్మ మాటిమాటికీ ఆగిపోయింది.

“కాకా, గా లినక్స్ తీసి పారెయ్యి!” అన్నాడు, అక్కడ అన్న పక్కన ఫోన్ పట్టుకున్న అన్న కొడుకు.

నాకు ఒళ్లు మండింది. “దీన్ని సొంతంగ నేర్చుకున్న రా, జర ఆగు!” అన్నాను. కరెంటు పొదుపు కోసం వైఫై మధ్యమధ్యలో నిద్రపోతోందని కనిపెట్టి, ఆ పొదుపు ఆపేశాను. వేగం అందుకుంది. ఆసుపత్రి కిటికీ తెర ఊగడం కూడా స్పష్టంగా కనిపించింది. అన్న ముఖం మాత్రం కదలలేదు.

“ఇంకా ఆగిందేందిరా?”

“నెట్ మంచిగనే ఉంది కాకా,” అంటూ వాడు ఏడ్చాడు.

నా లినక్స్‌ను ఎవరేమన్నా ఇప్పటికీ ఊరుకోను. కానీ తెరమీద ఎవరి బొమ్మ ఆగినా, ముందు ఫోన్ చేసి వాళ్ల గొంతు విన్నాకే కంప్యూటర్‌ను ముట్టుకుంటాను.